బాణగాత్రేశ్వర స్వామివారి పూర్వాశ్రమం

గవర్నర్‌పేటలో లాడ్జీల సందు చివర, ట్రాన్స్‌ఫార్మర్‌కి నాలుగడుగుల ఇవతల, నాగమల్లేశ్వరి ఇడ్లీబండి పద్దెనిమిదేళ్ళపాటు ఉండేది. ఇప్పుడు లేదు. దాన్ని అక్కణ్ణించి లేపింది మునిసిపాలిటీ కాదు, ట్రాఫిక్ పోలీసులు కాదు, సాక్షాత్తూ దేవుడు. ఆ దేవుణ్ణి అక్కడ నిలబెట్టింది మాత్రం నాగమల్లేశ్వరే.

నాగమల్లేశ్వరిది నాగాయలంక దాటాక సముద్రం వాసన తగిలే ఒక పల్లెకారుల ఊరు. మొగుడు కోటి కూడా అక్కడివాడే. పడవెక్కితే చాలు కడుపులో పేగులు బయటికొచ్చేలా వాంతులు చేసుకునేవాడు. సముద్రం పడని పల్లెకారుడికి పిల్లనివ్వడమే గొప్ప అనుకుంటే, ఊళ్ళో బతుకుతెరువు ఎవడిస్తాడు? పెళ్ళైన ఏడాదికే పెళ్ళాన్ని తీసుకుని బెజవాడ వచ్చి, లాడ్జీల్లో సామాన్లు మోసే పనిలో కుదిరాడు. ఆవిడ బంగార్రాజు హోటల్లో పిండి రుబ్బే పనికి చేరింది.

బంగార్రాజు హోటల్ బోర్డు మీద పేరు కన్నా పెద్ద అక్షరాల్లో "మా ఇడ్లీ పిండి చేత్తో రుబ్బబడును" అని ఉండేది. ఊళ్ళో హోటళ్ళన్నీ గ్రైండర్లు కొనుక్కున్నా ఆయన కొనలేదు. రుచి పోతుందని జనానికి చెప్పేవాడు. కరెంటు బిల్లు వస్తుందని ఇంట్లో చెప్పేవాడు. ఏ కారణమైతేనేం, పదహారేళ్ళపాటు ఆ రుచి అంతా నాగమల్లేశ్వరి కుడి భుజంలోంచి వచ్చింది. ఆ భుజం ఎడమ భుజం కంటే రెండు వేళ్ళు కిందికి దిగిపోయి ఇప్పటికీ అలాగే ఉంది. హోటల్ రుబ్బురోలు అంటే ఇంట్లో రోలు కాదు. దాని పొత్రం ఒక్కటే ఇద్దరు మగవాళ్ళు కలిసి ఎత్తాల్సినంత బరువు. కింద కోడిగుడ్డులా గుండ్రం, పైన చదును, ఆ చదునులో ఒక బెజ్జం, బెజ్జంలో పట్టుకుని తిప్పడానికి కర్రపిడి. పిడి విరిగినప్పుడల్లా కోటి తుమ్మకర్ర చెక్కి కొత్తది బిగించేవాడు.

తర్వాత బంగార్రాజుకి ఇడ్లీల కంటే గదుల్లో లాభం ఎక్కువని తెలిసింది. హోటల్ పడగొట్టి లాడ్జీ కట్టాడు. రోలు మెట్ల కింద పునాదిలోకి పోయింది. పొత్రాన్ని ఇద్దరు కూలీలు దొర్లించుకుంటూ తీసుకెళ్ళి సందు చివర గోడవార పడేశారు. నాగమల్లేశ్వరి చేతిలో ఒక చీర పెట్టి, ఆవిణ్ణీ దాదాపు అలాగే సాగనంపారు. అప్పటికి కోటి పోయి ఏడాది. కూతుర్ని మైలవరం ఇచ్చింది. ఒంటిది. చేతనైన పని ఒక్కటే గనక తోపుడుబండి ఒకటి కొనుక్కుని, అదే సందు చివర పెట్టుకుని ఇడ్లీలు అమ్మడం మొదలుపెట్టింది. మొదటిసారి తన పిండికి తనే యజమాని అయింది. ఆ బండి పక్కన నిలబడ్డప్పుడు ఆవిడ మొహంలో ఉండే దర్జా బంగార్రాజు మొహంలో గల్లాపెట్టె దగ్గర కూడా ఎవరూ చూడలేదు.

గోడవార పడి ఉన్న పొత్రం ఆవిడకి పీటలా పనికొచ్చింది. దాని మీద కూర్చునే ఉల్లిపాయలు తరిగేది, అల్లం చెక్కు తీసేది. భవిష్యత్తులో ఎవరెవరు దాని ముందు సాష్టాంగపడతారో తెలిసుంటే కనీసం గోనెసంచి పరుచుకుని కూర్చునేదేమో.

చిక్కంతా ఆ గోడతో వచ్చింది. లాడ్జీల సందులో ఖాళీగోడ కనిపిస్తే మగజాతి ఊరుకోదు. పక్కన ఇడ్లీలు ఉడుకుతున్నాయన్న ఇంగితం ఒక్కడికీ లేదు. నాగమల్లేశ్వరి చెప్పింది, తిట్టింది, ఒకసారి వేడి సాంబారు గరిటెతో వెంటపడింది. గోడ మీద "ఇచ్చట మూత్రము పోయరాదు" అని రాయిస్తే, ఆ అక్షరాల మీదే గురిచూసి పోశారు. చివరికి ఆవిడకి పుట్టింటి పద్ధతి గుర్తొచ్చింది.

వాళ్ళ ఊళ్ళో ఏటా వేట మొదలుపెట్టే రోజున ఆడవాళ్ళు ఒడ్డునుంచి ఒక రాయి ఏరుకొస్తారు. కడిగి, పసుపు రాసి, మూడు బొట్లు పెట్టి, వేపమండ ఆనిస్తే అది అమ్మవారు. మజ్జిగ పోసి, పడవల్ని కాపాడమని దణ్ణం పెట్టుకుని, రాయిని అక్కడే వదిలేసి వచ్చేస్తారు. మరుసటేడు ఇంకో రాయి. అమ్మవారు ఏ రాయిలో కూర్చున్నా ఆవిడ ఇష్టం, ఎవరూ పట్టించుకోరు. అంత తేలిగ్గా వచ్చి, పని చేసి, చప్పుడు చెయ్యకుండా వెళ్ళిపోయే దేవుళ్ళతో పెరిగిన మనిషి నాగమల్లేశ్వరి. ఊళ్ళో దేవుళ్ళంతా అలాగే ఉంటారనుకోవడం ఆవిడ చేసిన తప్పు.

ఆషాఢంలో ఒక శుక్రవారం ఆవిడ గునపంతో ఎత్తుపెట్టి పొత్రాన్ని లేపి గోడకి ఆనించి నిలబెట్టింది. చదునువైపు కిందికి పెడితే కదలకుండా నిలబడింది. గుండ్రంవైపు పైకి వచ్చింది. పసుపు రాసి మూడు బొట్లు పెట్టింది. ఆ సాయంత్రం నుంచి ఆ గోడ పొడిగా ఉంది. సాంబారు గరిటెకి లొంగని వాళ్ళు పసుపుకి లొంగారు.

వారం తిరిగేసరికి ఎవరో పువ్వు పెట్టారు. నెల తిరిగేసరికి ఎవరో టెంకాయ కొట్టారు. శ్రావణమాసమంతా అది అమ్మవారే, గాజులు కూడా వచ్చాయి. కార్తీకమాసంలో ఎవడో భక్తుడు గుండ్రటి రాయి కనిపించిందని విభూతి పూసి మారేడు దళాలు వేశాడు. ఆ సోమవారం నుంచి అమ్మవారు శివుడైపోయింది. గాజులు ఎవరు తీసేశారో తెలియదు. తర్వాత రేకుల షెడ్డు, షెడ్డుకి మైకు, మైకు వెనకాల హుండీ, హుండీ వెనకాల కమిటీ వచ్చాయి. కమిటీకి అధ్యక్షుడు బంగార్రాజు.

స్థలపురాణం రాసే బాధ్యత నాగబాబు మాస్టారికి అప్పగించారు. ఆయన రిటైరైన తెలుగు మాస్టారు. కంఠం బాగుంటుంది, కంటనీరు అవసరమైనప్పుడు వస్తుంది. ఒక ఆదివారం మైకు ముందు కూర్చుని చదివి వినిపించాడు. గండకీనదిలో పురుగు తొలిస్తే సాలగ్రామం అయిందట, అది విష్ణువు. నర్మదలో నీళ్ళు దొర్లించి నునుపు చేస్తే బాణలింగం అయిందట, అది శివుడు. ఇక మన గవర్నర్‌పేట సంగతికి వస్తే, ఇంద్రకీలాద్రి మీద అర్జునుడు పాశుపతం కోసం తపస్సు చేస్తున్నప్పుడు బోయవాడి వేషంలో శివుడు వచ్చాడు. ఇద్దరూ పోట్లాడుకున్నారు. అర్జునుడి బాణాలు తగిలి కొండశిఖరం ఒకటి విరిగి సరిగ్గా ఈ లాడ్జీల సందులో పడింది. స్వామి ఒంటి నిండా సన్నటి గుంటలు ఉన్నాయి కదా, అవి ఆ బాణాల గుర్తులు. అందుకే బాణగాత్రేశ్వరుడు. అడుగున తెల్లటి చారలున్నాయి కదా, అవి స్వయంభూ విభూతి రేఖలు.

బండి దగ్గర చట్నీకి తాలింపు వేస్తున్న నాగమల్లేశ్వరి ఇదంతా విని, నవ్వాపుకోలేక పమిట నోట్లో కుక్కుకుంది. ఆ గుంటలు గంట్లు. రాయి అరిగి పిండి నలగనప్పుడల్లా, రెండు నెలలకోసారి, ఉలి సుత్తి పట్టుకుని గంట్లు కొట్టేవాడు వచ్చి కొట్టేవాడు. ఆ తెల్లచారలు పదహారేళ్ళ మినప్పిండి. నర్మదలో నీళ్ళు నునుపు చేశాయి, ఇక్కడ నేను నునుపు చేశాను, అంతేగా తేడా అనుకుంది. ఎవరితోనూ అనలేదు. మాస్టారు పురాణం విన్నవాళ్ళు అటునుంచి అటే ఇడ్లీలు తినడానికి వస్తున్నారు. పైగా గోడ పొడిగా ఉంది. దేవుడు ఎక్కణ్ణించి ఊడిపడితే తనకేం?

నవ్వు ఎండాకాలం దాకా నిలిచింది. ఒకరోజు పొద్దున్నే బంగార్రాజు పట్టుపంచె కట్టుకుని బండి దగ్గరికి వచ్చాడు.

"చూడు మల్లేశ్వరీ, మొహమాటం లేకుండా చెప్తున్నా. మండపం కడుతున్నాం. బండి తీసెయ్యాల. స్వామి ఎదురుగుండా పొగ కొడతా ఉంటే బాగోదు."

"స్వామికి పొగేంటండీ బంగార్రాజుగారూ? పొద్దున్న లేస్తే మీరు వేసే సాంబ్రాణి ఏంటి మరి?"

"అది వేరు."

"నేనేడికి పోనండీ? పద్దెనిమిదేళ్ళ నుంచి ఇక్కడే ఉన్నాను. ఇక్కడైతేనే నా ఇడ్లీ అని తెలుసు జనానికి. పక్క సందుకి పోతే నేనెవరో ఎవరికి తెలుసు?"

"అదంతా నాకెందుకే? స్వామి పని."

"స్వామా? ఆ రాయేంటో మీకు తెలీదాండీ?"

బంగార్రాజు అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "తెలుసు. నీకు తెలుసు, నాకు తెలుసు. ఇంకెవడికి తెలుసు? సోమవారమైతే వీధి మలుపు దాకా లైను ఉంటాది. అంతమంది నమ్ముతుంటే నువ్వూ నేనూ ఎంత?"

"లేపి చూపిస్తే? కింద బెజ్జం ఉంది. పిడి విరిగి అందులోనే ఉండిపోయింది."

"లేపేవాడు ఎవడే? నాలుగు బస్తాల సిమెంటు పోయించా చుట్టూ." అని నవ్వి, మండపం ముహూర్తం లోపల బండి కనపడకూడదని చెప్పి వెళ్ళిపోయాడు.

నాగమల్లేశ్వరి ఆ రోజు చట్నీలో ఉప్పు రెండుసార్లు వేసింది. ఆవిడకి కోపం రాయి మీద కాదు. రాయికి ఏం తెలుసు? గోడవార ఊరికే పడుండేదాన్ని తనే లేపి కూర్చోబెట్టింది. కూర్చోబెట్టిన మనిషినే లెమ్మంటున్నారు. ఆ చోటు పోతే తనకి ఇంకేం లేదు. ఎన్ని తిట్లొచ్చో అన్నీ తిట్టుకుంది, కొన్ని పైకే.

నాలుగు బస్తాల సిమెంటుని పగలగొట్టించింది ఆవిడ కాదు, బంగార్రాజు ఆశే. మండపం కట్టే ముందు వాస్తు చూడ్డానికి ఒకాయన్ని పిలిపించారు. స్వామి పీఠం రోడ్డు మట్టం కంటే కిందికి ఉంది గనక వచ్చిన ఐశ్వర్యమంతా మురుక్కాలవలోకి జారిపోతోందని ఆయన చెప్పాడు. స్వామిని మూడడుగులు పైకి లేపాలన్నాడు. అప్పుడిక బంగార్రాజుకి బెజ్జం సంగతి గుర్తులేదు, జారిపోతున్న ఐశ్వర్యమే కళ్ళముందుంది.

ముహూర్తం రోజు ఆటోనగర్‌ నుంచి జోయెల్ వచ్చాడు. లారీ ఇంజన్లు పైకెత్తే చైన్ పుల్లీ అతనిది, దాన్ని మోసుకొచ్చే ట్రాలీ ఆటో కూడా అతనిదే. మెళ్ళో శిలువ చూసి నాగబాబు మాస్టారు సందేహపడ్డాడు.

"నేను ముట్టుకోనండీ మాస్టారూ, గొలుసే ముట్టుకుంటది," అన్నాడు జోయెల్. ఆ సమాధానం శాస్త్రసమ్మతంగానే ఉందని కమిటీ ఒప్పుకుంది.

సందు నిండా జనం. మైకులో మంత్రాలు. సిమెంటు పగలగొట్టి, రాయికి పట్టుగుడ్డ చుట్టి, గుడ్డ మీద గొలుసు వేసి, జోయెల్ మెల్లగా లాగాడు. స్వామి ఒక్కొక్క అంగుళమే గాల్లోకి లేచాడు. హరహర మహాదేవ అన్నారు అందరూ. నడుమెత్తు లేచాక జోయెల్ ఆపేశాడు.

"ఆగండాగండి. కింద బెజ్జం ఉందండీ. అందులో కర్రముక్క ఇరుక్కుంది."

అందరూ వంగి చూశారు. అప్పుడు నాగమల్లేశ్వరి జనాన్ని తోసుకుంటూ ముందుకి వచ్చింది.

"అది తుమ్మకర్ర పిడి. నా మొగుడు చెక్కాడు. ఇది బంగార్రాజుగారి హోటల్లో రుబ్బురోలు పొత్రం. పదహారేళ్ళు నేనే రుబ్బాను దీంతో. ఆ గుంటలు అర్జునుడు వేసినవి కాదు, గంట్లు కొట్టేవాడు కొట్టాడు. ఇక్కడ వీళ్ళంతా గోడమీద ఒకటికి పోతుంటే నేనే నిలబెట్టి పసుపు రాశాను. తలకిందులుగా పెట్టాను. నమ్మకపోతే పప్పు నానబోసి తెండి, ఇప్పుడే రుబ్బి చూపిస్తా."

మైకు ఆగిపోయింది. ఆవిడ గొంతు కాస్త తగ్గించింది.

"నేను దేవుడు కాదనట్లేదండీ. మా ఊళ్ళో ఏ రాయికి పసుపు రాసినా దేవుడే. దణ్ణం పెట్టుకోండి, నేనూ పెడతా. కానీ ఆకాశంలోంచి ఊడిపడ్డాడని చెప్పి నా బండి తీసెయ్యమనకండి. ఆయనా నేనూ ఒక హోటల్లోంచే బయటికొచ్చాం. ఆయనకి చోటుంటే నాకూ ఉండాల."

ఆ మాటలు అన్నాక అర నిమిషంపాటు నాగమల్లేశ్వరి గెలిచింది. జనం ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. బంగార్రాజు మొహంలో నెత్తురు చుక్క లేదు. జీవితంలో మొదటిసారి తను చెప్పింది ఇంతమంది విన్నారని ఆవిడకి గుండె నిండిపోయింది.

అర నిమిషం తర్వాత నాగబాబు మాస్టారి కంట నీరు వచ్చింది.

"పదహారేళ్ళు!" అన్నాడాయన వణికే గొంతుతో. "విన్నారా? పదహారు! షోడశం! స్వామికి షోడశోపచారాలు! ఏడాదికి ఒక ఉపచారం చొప్పున ఈ తల్లి చేతిలో సేవలందుకున్నాడు! తలకిందులుగా నిలబడ్డాడట! తలకిందుల తపస్సు అంటే ఏమనుకున్నారు? అయ్యో, ఇన్నాళ్ళూ మన కళ్ళముందే ఉన్న తల్లిని గుర్తించలేకపోయామే!"

అని, డెబ్భై ఏళ్ళ మనిషి, ఇడ్లీ తిని చట్నీ పల్చగా ఉందని ఏడేళ్ళుగా సణిగిన మనిషి, నాగమల్లేశ్వరి కాళ్ళమీద పడ్డాడు. ఆయన వెనకాల జనం పడ్డారు. జోయెల్ ఒక్కడూ గొలుసు పట్టుకుని నిలబడ్డాడు, వదిలితే స్వామి కిందపడతాడని.

అందరికంటే వేగంగా తేరుకున్నవాడు బంగార్రాజు. ఆ హోటల్ తనదేనని అప్పుడు గుర్తొచ్చింది. "నా హోటల్లోనే! పదహారేళ్ళు నా నీడనే ఉన్నాడు స్వామి!" అని గుండెలు బాదుకున్నాడు. ఎవరో కుర్చీ తెచ్చారు, ఎవరో దండ తెచ్చారు. నాగమల్లేశ్వరిని కూర్చోబెట్టారు. పాదాలకి పసుపు రాశారు. ఆవిడ ఆ పసుపు చూసుకుని హడలిపోయింది. పసుపు రాస్తే ఏమవుతుందో ఆ సందులో ఆవిడకంటే బాగా ఎవరికి తెలుసు?

"అయ్యా, నా బండి," అంది.

"బండా?" అన్నాడు బంగార్రాజు, చెవులు మూసుకుంటూ. "స్వామిని పట్టిన చేతులమ్మా అవి! ఆ చేతుల్తో ఇడ్లీలు అమ్ముకుంటావా? ఎంత అపచారం! కమిటీ బతికుండగా అలాంటి పాపం జరగనిస్తామా?" ఎంతో భక్తితో బండికి మామిడాకులు కట్టి, హారతిచ్చి, నలుగురు కలిసి తోసుకెళ్ళి లాడ్జీ వెనక గోడౌన్లో పెట్టారు.

అలా నాగమల్లేశ్వరి అమ్మ అయింది. మండపంలో ఒక మూల కుర్చీ, పైన ఫ్యాను, ఎదురుగా పళ్ళెం. పళ్ళెంలో పడ్డది కమిటీది. ఆవిడకి రెండు పూటలా పులిహోర. జనం వచ్చి ఆవిడ అరచేతులు తిప్పి చూసేవాళ్ళు. పొత్రం పిడి పట్టిన చోట కాయలు కాసి ఉన్నాయి కదా, వాటిని కళ్ళకద్దుకునేవాళ్ళు. ఆ కాయలు కాస్తున్న రోజుల్లో వెన్నపూస రాసుకోమని చెప్పిన నాథుడు లేడు.

నిజం చెప్పడానికి ఆవిడ చాలా ప్రయత్నించింది. "భుజం నొప్పిగా ఉంది" అంటే, భక్తుల బాధలన్నీ అమ్మ భుజాన వేసుకుందని మాస్టారు మైకులో చెప్పాడు. "నన్ను వదిలెయ్యండి నాయనా" అంటే అది వైరాగ్యం. విసుగొచ్చి ఒక భక్తురాల్ని పచ్చిబూతు తిడితే, ఆవిడ ఏడుస్తూ వెళ్ళి, మర్నాడు పట్టుచీరతో తిరిగొచ్చింది. కోర్టులో ఆగిపోయిన పొలం కేసు గెలిచిందట. ఆ రోజు నుంచి తిట్టించుకోవడానికి లైను పెరిగింది. గర్భగుడిలోకి వెళ్ళి ఒక్కసారి రాయిని ముట్టుకుంటానంటే మాత్రం పూజారి ఒప్పుకోలేదు. ఆడవాళ్ళు లోపలికి రాకూడదు, ఆచారం.

ఆ మాట ఆవిడకి తగిలింది. పదహారేళ్ళు ఒళ్ళో పెట్టుకున్నంత దగ్గరగా కూర్చుని తిప్పిన రాయి. ముట్టుకుంటే మైల. ఆ రోజంతా ఆవిడ ఎవర్నీ తిట్టలేదు. కుర్చీలో కదలకుండా కూర్చుంది. అలా కూర్చుంటే తనకీ పొత్రానికీ తేడా ఏంటో ఆవిడకి తోచలేదు. ఇంకో నెల ఉంటే తన చుట్టూ కూడా సిమెంటు పోస్తారనిపించింది.

మండపం పనులకని అక్కడే ఉంచుకున్న పుల్లీ తీసుకెళ్ళడానికి జోయెల్ వచ్చిన మధ్యాహ్నం గుడి మూసి ఉంది. కమిటీ మొత్తం భోంచేసి కునుకు తీస్తోంది.

"జోయెల్ బాబూ, నీ ట్రాలీలో నా బండి పడుతుందా?"

"పడుతుంది పిన్నిగారూ. ఎక్కడికి?"

"మైలవరం. మా అమ్మాయి ఊరు."

"మరి వీళ్ళు ఊరుకుంటారాండీ?"

"మెలకువ వచ్చాక కదా."

గోడౌన్‌కి తాళం కూడా లేదు. అపచారాన్ని దొంగిలించేవాడు ఉంటాడని ఎవరూ అనుకోలేదు. బండికి కట్టిన మామిడాకులు ఎండిపోయి ఉన్నాయి, వాటిని పీకి పారేసింది. ట్రాలీలో బండి పక్కనే కూర్చుని, దండలూ బొట్లూ లేని మొహానికి గాలి తగులుతుంటే, గొల్లపూడి దాటేదాకా వెనక్కి తిరిగి చూడలేదు.

మైలవరం బస్టాండు పక్కన మొదటి నెల కష్టంగానే గడిచింది. ఇక్కడ ఆవిడెవరో ఎవరికీ తెలియదు. ఒక్కొక్క గిరాకీని కొత్తగా సంపాదించుకోవాలి. పొద్దున నాలుగింటికి లేచి, కూతురి ఇంట్లో గ్రైండర్ వేసి, ఐదున్నరకి బండి దగ్గర ఉండేది. భుజం నొప్పి పెట్టేది. అయినా ఎవడైనా "ఏవమ్మోయ్, రెండు ఇడ్లీ" అని కసిరితే ఆవిడకి ప్రాణం లేచొచ్చేది. పిలిస్తే పలికే మనిషిని మళ్ళీ అయ్యానని సంబరం.

మాఘమాసంలో ఒక సోమవారం, బెజవాడ బస్సు కోసం నిలబడ్డ ఒకావిడ బండి దగ్గరికి వచ్చింది. పేరు పద్మశ్రీ అట, మైలవరంలోనే అంగన్‌వాడీలో పని. మొగుడికి కిడ్నీ జబ్బు. ఇడ్లీ తింటూ తనే చెప్పుకొచ్చింది.

"స్వామి దగ్గరికి వెళ్తున్నానండీ. గవర్నర్‌పేటలో బాణగాత్రేశ్వరస్వామి. మీరు వినలేదా?"

"వినలేదమ్మా," అంది నాగమల్లేశ్వరి.

"చాలా మహిమండీ. స్వామి కంటే అమ్మ మహిమ ఇంకా ఎక్కువ." అని సంచిలోంచి చిన్న ఫోటో తీసి చూపించింది. కుర్చీలో దండతో కూర్చున్న నాగమల్లేశ్వరి. తల వెనకాల బంగారు రంగు చక్రం వేశారు. దిగిపోయిన భుజాన్ని కంప్యూటర్లో సరిచేశారు. "పదహారేళ్ళు స్వామికి సేవ చేసిందంటండీ. కార్తీకపౌర్ణమి నాడు అందరూ చూస్తుండగా స్వామిలో కలిసిపోయింది."

"అందరూ చూస్తుండగానా?"

"మా తోడికోడలు కళ్ళారా చూసిందండీ. జ్యోతిలాగా వెళ్ళిపోయిందంట. గుడి ముందు అమ్మ ఇడ్లీబండి పెట్టుకునే చోటుందే, అక్కడ పాలరాతి పాదాలు పెట్టారు. ఆ పాదాల చుట్టూ పదహారు ప్రదక్షిణాలు చేస్తే ఎలాంటి జబ్బైనా తగ్గుతుందంటండీ."

నాగమల్లేశ్వరికి ముందు నవ్వొచ్చింది. ఆ వెనకే కోపం వచ్చింది. బతికున్నప్పుడు నాలుగడుగుల చోటు ఇవ్వనివాళ్ళు, లేకుండా పోయాక రాతి పాదాలు చేసి మరీ అక్కడ నిలబెట్టారు. చెప్పెయ్యాలనిపించింది. ఫోటోని తన మొహం పక్కన పెట్టుకుంది.

"ఈవిడ నాలాగా లేదూ?"

పద్మశ్రీ ఫోటోనీ, ఆవిడనీ ఒకసారి చూసింది. గబుక్కున ఫోటో లాక్కుని కళ్ళకద్దుకుంది.

"తప్పమ్మా, అలా అనకూడదు. ఆ మొహంలో కళ చూశారా? ఆ అమ్మెక్కడ, మీరెక్కడ?" అని ఫోటోని జాగ్రత్తగా సంచిలో దాచుకుంది. తర్వాత ప్లేటు ముందుకి జరిపింది. "కాస్త చట్నీ వెయ్యండి. పల్చగా ఉంది గానీ."

నాగమల్లేశ్వరి ఇంకో గరిటె వేసింది.